కాదన్నా కారణం రాసిచ్చే సభ

శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలోని మా ఊరి నుంచి నర్సు ఉద్యోగానికి స్కాట్లండ్‌లోని గ్లాస్గో చేరి ఆరేళ్లయింది. మొదటి రెండేళ్లు ఆసుపత్రి, అద్దె గది, నెలనెలా ఇంటికి పంపే డబ్బు తప్ప ఆ నగరంతో నాకు వేరే సంబంధం ఉండేది కాదు. రాత్రి తొమ్మిది దాటాక డ్యూటీ దిగేవారికి బస్సు దొరకడం లేదని తోటి ఉద్యోగిని ఒకామె మా పేటలోని చర్చి హాలుకు తీసుకుని వెళ్లి, నెలకోసారి జరిగే కమ్యూనిటీ కౌన్సిల్ (పేటవాసుల మాటను నగర కౌన్సిల్‌కు చేర్చే సంఘం) సమావేశంలో కూర్చోబెట్టింది. దాని సభ్యులు జీతం లేకుండా పనిచేసే ఆ పేట వాళ్లే. నాలాంటి కామన్‌వెల్త్ దేశాల పౌరులకు అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంటుందని నాకు తెలిసింది కూడా ఆ సభలోనే.

ముందుగా గత నెల మినిట్స్, అంటే ఆ సమావేశంలో రాసుకున్న వివరాలు, చదివారు. ఎవరు ఏమి అడిగారు, ఎవరు కనుక్కుని చెబుతామన్నారు, చెప్పారా లేదా అన్నది ఒక్కొక్క అంశంగా తేల్చిన తరువాతే కొత్త విషయాలకు వచ్చారు. నేను భయపడుతూనే బస్సు సంగతి చెప్పాను. అక్కడ బస్సులు చాలావరకు ప్రైవేటు కంపెనీలు నడిపేవి కాబట్టి వాటిని నేరుగా ఆదేశించే అధికారం నగర కౌన్సిల్‌కు లేదని, సబ్సిడీ ఇచ్చి నడిపించే మార్గాలను మాత్రం పరిశీలించవచ్చని మరుసటి నెల రాతపూర్వకంగా జవాబు వచ్చింది. బస్సు రాలేదు. కానీ ఎందుకు రాలేదో, ఇక ఎవరిని అడగాలో ఆ కాగితంలో ఉంది.

ఈ పద్ధతి వెనుక చట్టం ఉంది. స్కాట్లండ్‌లో 2003 నాటి చట్టం స్థానిక కౌన్సిలు, ఆరోగ్య బోర్డు, పోలీసు వంటి సంస్థలు కలిసి కూర్చుని, ప్రజలను కలుపుకుని ఆ ప్రాంత ప్రణాళిక వేయాలన్నది. 2015 చట్టం మరింత ముందుకు వెళ్లి, ఒక సేవను మెరుగుపరిచే చర్చలో తమనూ చేర్చుకోవాలని స్థానిక సంఘాలు అడిగే హక్కు ఇచ్చింది. తగిన కారణం లేకుండా ఆ విన్నపాన్ని తోసిపుచ్చకూడదు. తోసిపుచ్చితే కారణం చెప్పాలి. ఒప్పుకుంటే, చర్చ ముగిశాక ఏమి మారిందో నివేదిక ప్రకటించాలి. అక్కడా హాలు సగం ఖాళీగా ఉంటుంది, వచ్చేవారిలో ఎక్కువమంది పెద్దవయసు వాళ్లే. అయినా అడిగిన మాట గాలికి పోదన్న నమ్మకమే నన్ను ఆ హాలుకు మళ్లీ మళ్లీ తీసుకువెళ్లింది.

గత శీతాకాలంలో ఇంటికి వచ్చినప్పుడు మా ఊరి గ్రామసభ గురించి చిన్నాన్నను అడిగాను. "సంతకం పెట్టమన్నారు, పెట్టినాం. ఏటి రాసినారో మాకు తెల్దమ్మా" అన్నాడు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే చట్టం మనకూ ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను ఏర్పరచింది. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఆ సభ ముందుకు రావాలి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి పంచాయతీలకు సిఫారసు చేసిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. మా ఊరున్న ఉద్దానం ప్రాంతంలో తాగునీటి కన్నా పెద్ద విషయం మరొకటి లేదు. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్‌కు వెళుతున్న ప్రాంతం ఇది. ఆ జబ్బుకు కారణం ఇదీ అని నేటికీ తేలలేదు. 2023 డిసెంబరులో హిరమండలం నుంచి వంశధార నీటిని తెచ్చే పథకం ప్రారంభమైంది. ఆ నీరు ఏ వీధి కొళాయికి ఏ వేళకు వస్తుంది, దానిని ఎవరు ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు అన్నవి గ్రామసభలో అడిగి, జవాబు రాయించుకోవలసిన ప్రశ్నలు.

సరైన సమయంలో ప్రజల మాటకు విలువ ఇవ్వకపోతే ఏమవుతుందో మా మండలానికి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు ఎంత మొత్తుకున్నా పనులు మొదలుపెట్టబోయారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ముందు నిర్ణయించి తరువాత అభిప్రాయం అడిగే పద్ధతిని నేను అందుకే ప్రణాళిక అనలేను.

తిరిగి ప్రయాణమయ్యే ముందు చిన్నాన్న, ఇద్దరు ముగ్గురు స్వయంసహాయక సంఘాల అక్కలు, నేను కలిసి పంచాయతీ కార్యాలయానికి వెళ్లి, వచ్చే సభలో అన్నిటికన్నా ముందు గత సభ తీర్మానాలు చదివి వినిపించాలని అర్జీ ఇచ్చాము. అది అందినట్లు ముద్ర వేసి ఇచ్చిన నకలును చిన్నాన్న తన రేషన్ కార్డుతోపాటు పెట్టెలో దాచాడు. సభ జరిగే రోజు వీడియో కాల్ చేస్తానన్నాడు. ఆ పూట నేను డ్యూటీ మార్చుకోవాలి.