రిటైర్మెంట్ సొమ్ములో ఎమర్జింగ్ మార్కెట్ల వాటా: నేను పాటించే పద్ధతి

ఎమర్జింగ్ మార్కెట్ ఫండు (చైనా, ఇండియా లాంటి ఎదుగుతున్న దేశాల షేర్లు కొనే ఫండు) అనగానే చాలామంది ముందు ఐదేళ్ల రాబడి పట్టిక చూస్తారు. నేను దాని జోలికి పోకుండా ఫ్యాక్ట్‌షీట్‌లో (ఫండు వివరాల పత్రంలో) ఒక్క వరుస వెతుకుతాను: ఈ ఫండు ఏ ఇండెక్స్‌ను, అంటే ఏ షేర్ల సూచీని, అనుసరిస్తోంది? డబ్బు ఇరవై, ముప్పై ఏళ్లు అందులో ఉండబోతోంది. ఆలోపు మేనేజర్లు మారతారు, ఫండు పేరూ మారొచ్చు. ఏ దేశం లోపలుండాలో, ఏది ఎప్పుడు బయటికి పోవాలో తేల్చేది మాత్రం ఆ ఇండెక్సే.

ఇక్కడ ఎక్కువగా కనిపించేవి రెండు ఇండెక్స్ కుటుంబాలు, వాటిని తయారుచేసే సంస్థల పేర్లతోనే: ఎంఎస్‌సీఐ, ఎఫ్‌టీఎస్‌ఈ. రెండూ ఒకటే అనుకుంటే ఇబ్బందే. దక్షిణ కొరియా ఎంఎస్‌సీఐ లెక్కలో ఎమర్జింగ్. ఎఫ్‌టీఎస్‌ఈ దాన్ని 2009లోనే అభివృద్ధి చెందిన మార్కెట్ల వైపు జరిపేసింది. పోలండ్‌నూ 2018లో అలాగే జరిపింది, ఎంఎస్‌సీఐ జరపలేదు. ఇప్పుడు ఒకరి పోర్ట్‌ఫోలియోలో అభివృద్ధి చెందిన దేశాలకు ఎంఎస్‌సీఐ వరల్డ్ ఫండు, ఎమర్జింగ్‌కు ఎఫ్‌టీఎస్‌ఈ ఫండు ఉన్నాయనుకోండి. మొదటిదాంట్లో కొరియా లేదు, రెండోదాంట్లోనూ లేదు. శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ అంత కంపెనీ ఎక్కడా లేకుండా పోతుంది. జత తిరగేస్తే కొరియా రెండుసార్లు వస్తుంది. స్టేట్‌మెంట్‌లో ఈ తేడా కనపడదు, ఎవరూ చెప్పరు కూడా. అందుకే నా నియమం ఒకటే: రెండు ఫండ్లూ ఒకే ఇండెక్స్ కుటుంబంలోవి కావాలి. ఎంఎస్‌సీఐ ఏసీడబ్ల్యూఐ, ఎఫ్‌టీఎస్‌ఈ ఆల్-వరల్డ్ లాంటి, రెండు రకాల దేశాలూ ఉండే ఇండెక్స్‌ల మీద నడిచే ఫండు ఇప్పటికే చేతిలో ఉంటే, అందులో దాదాపు పదో వంతు ఎమర్జింగ్ మార్కెట్లే. దాని పైన కొనేదంతా అదనపు మొగ్గు. ఆ సంగతి తెలిసే కొనాలి.

తర్వాత చూసేది వెయిటేజి, అంటే ఇండెక్స్‌లో ఒక్కో దేశానికున్న వాటా. ఎంఎస్‌సీఐ ఎమర్జింగ్ మార్కెట్స్‌లో 24 దేశాలున్నా చైనా, తైవాన్, ఇండియా, కొరియా నాలుగే ముప్పాతిక పైచిలుకు. 2020లో చైనా ఒక్కటే 40 శాతం దగ్గరికి వెళ్లి, తర్వాత దిగింది. తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్‌ఎంసీ ఒక్కదానికే ఈమధ్య పది శాతం దాటిన వాటా ఉంది. కాబట్టి 24 దేశాలకు డబ్బు సమానంగా పరుచుకుంటుందని అనుకోవద్దు. మీరుండే దేశమే ఈ జాబితాలో ఉంటే ఇంకో లెక్క: మీ జీతం, ఇల్లు, పెన్షన్ ఇప్పటికే ఆ ఆర్థిక వ్యవస్థ మీదే ఆధారపడి ఉన్నాయి. ఫండు ద్వారా వచ్చే భాగాన్నీ వాటితో కలిపి చూసుకోవాలి.

"ఆ దేశాలు వేగంగా పెరుగుతున్నాయి, షేర్లూ పెరుగుతాయి" అనే వాదన నాకు ఎప్పుడూ నచ్చలేదు. 1992 చివర 100 దగ్గర మొదలైన ఎంఎస్‌సీఐ చైనా ధరల సూచీ, మూడు దశాబ్దాల తర్వాత 2022లోనూ 100 కంటే కిందే ఉంది. ఆ మధ్యకాలంలో ఆ దేశ జీడీపీ పదుల రెట్లయింది. కారణాల్లో పెద్దది కొత్త షేర్ల జారీ. కంపెనీలు ఎడాపెడా షేర్లు అమ్మి మూలధనం తెచ్చుకుంటే లాభం మొత్తంగా పెరిగినా ఒక్కో షేరుకు దక్కేది పెరగదు. పైగా ప్రభుత్వ సంస్థలు లాభం కంటే విధానాలకు పెద్దపీట వేస్తాయి. నేను ఈ ఫండ్లు పెట్టుకునేది వృద్ధి రేటు చూసి కాదు. ప్రపంచ మార్కెట్లో వాటికున్న వాటా నా దగ్గరా ఉండాలని.

ఒకే దేశం ఫండు మాత్రం రిటైర్మెంట్ ఖాతాలో పెట్టను. ఎందుకో 2022 మార్చి చెబుతుంది. ఉక్రెయిన్ మీద దాడి తర్వాత విదేశీ మదుపరులు రష్యా షేర్లు అమ్మే దారి మూసుకుపోయింది. ఎంఎస్‌సీఐ ఆ దేశాన్ని దాదాపు సున్నా ధర దగ్గర ఇండెక్స్ నుంచి తీసేసింది. అంతకు కొన్ని నెలల ముందు దాని వాటా సుమారు 3-4 శాతం. విస్తృత ఫండున్న వారికి అది ఒక చెడ్డ రోజు నష్టమంత. రష్యా ఫండే ఉన్నవారికి మొత్తం పోయినట్టే. ధర పడితే ఓపిక పట్టవచ్చు. ఇలాంటి నష్టానికి ఓపిక పనికిరాదు.

అసలు ప్రశ్న ఎంత శాతం అన్నది. దీన్ని సగటు రాబడితో కాకుండా చెత్త కాలంతో తేల్చాలి. 2008లో డాలర్ లెక్కన ఎంఎస్‌సీఐ ఎమర్జింగ్ మార్కెట్స్ సూచీ 53 శాతం పడింది. 2009లో 78 శాతం లేచింది. వినడానికి బాకీ తీరిపోయినట్టుంది గానీ, వేసి చూడండి: 100 కాస్తా 47 అయి, తర్వాత 84. డివిడెండ్లు కలపని ధరల సూచీ 2007 నాటి గరిష్ఠాన్ని దాటడానికి 2021 ఆరంభం దాకా పట్టింది. ఆ పదమూడేళ్లూ అమెరికా మార్కెట్ పక్కనే పరుగెత్తుతుంటే, నెలనెలా ఇందులో డబ్బు వేస్తూ పోగలిగేంత చిన్న వాటా ఎంతో, అదే మీ శాతం. నేను ఈక్విటీ (షేర్ల) భాగంలో దీని లక్ష్యాన్ని 10 నుంచి 15 శాతం దాటనివ్వను.

15 పెట్టుకున్నారనుకుందాం. ఇది సగానికి పడి మిగతా 85 కదలకుండా ఉంటే, మొత్తం ఈక్విటీకి నష్టం 7.5 శాతం; మిగిలిన 92.5లో ఎమర్జింగ్ వాటా 8.1 శాతం. మళ్లీ 15కు తేవాలంటే మిగతా వాటిలోంచి అమ్మి సుమారు 6.4 మేర ఇది కొనాలి, అదీ వార్తలన్నీ అధ్వానంగా ఉన్న సమయంలో. ఈ అంకెను ముందే కాగితం మీద రాసుకోమంటాను. రాసుకున్నాక చేయి వణికితే 15 ఎక్కువైనట్టు. 8కో 10కో దిగండి. రీబ్యాలెన్సింగ్‌కు, అంటే వాటాను మళ్లీ లక్ష్యానికి తేవడానికి, నేను వాడే హద్దు, లక్ష్యంలో పావు వంతు: 15కైతే 11.25 కిందికి పోతే కొనడం, 18.75 దాటితే అమ్మడం. మధ్యలో ఏమీ చేయను. కొత్తగా వచ్చే నెలవారీ డబ్బును తగ్గిన వైపు మళ్లిస్తే చాలాసార్లు అమ్మాల్సిన పనే రాదు.

ఖర్చుల గురించి క్లుప్తంగా. లక్ష మీద 7 శాతం చొప్పున ముప్పై ఏళ్లకు 7.61 లక్షలవుతుంది, 6 శాతం చొప్పున 5.74 లక్షలే. ఏటా ఒక్క శాతం ఫీజు పావు వంతు నిధిని తినేస్తుంది. ఎక్స్‌పెన్స్ రేషియోతో (ఫండు ఏటా తీసుకునే ఖర్చు శాతం) ఆగకుండా ట్రాకింగ్ డిఫరెన్స్ (ఫండు రాబడికీ సూచీ రాబడికీ మధ్య తేడా) కూడా చూడాలి. అన్ని షేర్లూ కొనలేక కొన్నింటితో సరిపెట్టే ఫండ్లలో ఇది ఏడాదికో రకంగా ఉంటుంది. పోల్చేటప్పుడు సూచీ నెట్ టోటల్ రిటర్న్‌దే (పన్ను పోగా డివిడెండ్లు కలిపినదే) కావాలి. ఫండులో డివిడెండ్లు కలిపి, సూచీలో వదిలేస్తే ఏ ఫండైనా గొప్పగానే కనిపిస్తుంది. షేరున్న దేశంలో డివిడెండ్ మీద కోత పడే పన్ను, మీ రిటైర్మెంట్ ఖాతా పన్నులేనిదైనా సాధారణంగా తిరిగి రాదు.

ఫండు ధర డాలర్లలో చూపించినంత మాత్రాన అది డాలర్ పెట్టుబడి కాదు. లోపలున్నది చైనా యువాన్, కొరియా వాన్, బ్రెజిల్ రియల్ లాంటివి. హెడ్జింగ్ (కరెన్సీ విలువ మార్పుల నుంచి రక్షణ తీసుకోవడం) జోలికి పోను, ఎందుకంటే వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్న కరెన్సీలను హెడ్జ్ చేస్తే ఆ తేడా మన జేబులోంచే పోతుంది. ఈటీఎఫ్ (షేరులా ఎక్స్ఛేంజీలో కొనే ఫండు) కొనేటప్పుడు మార్కెట్ ఆర్డర్ (ఎంత ధర ఉంటే అంతకు కొనడం) వద్దు, లిమిట్ ఆర్డరే (మనం పెట్టిన ధర దాటకుండా కొనడం). ఆసియా మార్కెట్లు మూసి ఉన్న వేళ కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా పెరుగుతుంది.

రిటైర్మెంట్ పదేళ్లలోకి వచ్చాక వాటాను ఏటా ఒక పాయింటు చొప్పున 15 నుంచి 5కు దించుతాను. మొదట కొత్త డబ్బు ఆపడం, అది చాలకపోతేనే అమ్మడం. ఈ దశలో పాత కింది హద్దును పక్కన పెట్టేయాలి: మార్కెట్ పడి వాటా ఆ ఏటి లక్ష్యం కంటే తనంతట తనే తగ్గిపోతే ఆ ఏడు అమ్మడమూ లేదు, కొనడమూ లేదు. లక్ష్యం దాటి ఉంటే, దాటినంత మేరకే అమ్మి బాండ్లలో వేస్తాను.