బీటాలో చేరేముందు వెనక్కి వచ్చే దారి చూసుకోండి

ఐఫోన్‌లో పబ్లిక్ బీటా (అసలు విడుదలకి ముందు పరీక్ష కోసం ఇచ్చే వెర్షన్) ఎక్కించుకోవడం ఇప్పుడు చాలా తేలిక. ఐఓఎస్ 16.4 నుంచి ప్రొఫైల్ అనే సెట్టింగ్స్ ఫైల్ దించుకునే పని కూడా లేదు. యాపిల్ బీటా ప్రోగ్రామ్‌లో అకౌంట్ నమోదు చేసుకుని, సెట్టింగ్స్‌లో జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, బీటా అప్‌డేట్స్ దాకా వెళ్తే సరి. చిక్కంతా వెనక్కి రావడంలోనే.

బీటాలో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో రీస్టోర్ కాదు. ఐక్లౌడ్‌ను నమ్ముకుంటే, బీటా ఎక్కాక తీసిన బ్యాకప్పే చివరికి మిగలొచ్చు. అందుకే ముందే ఫోన్‌ని కేబుల్‌తో మ్యాక్‌కి కలిపి ఫైండర్‌లో బ్యాకప్ తీయండి. ఎన్‌క్రిప్ట్ ఆప్షన్ టిక్ చేయడం మరవద్దు. లేకపోతే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, హెల్త్ డేటా అందులోకి రావు. తర్వాత మేనేజ్ బ్యాకప్స్‌లో ఆ బ్యాకప్ మీద రైట్ క్లిక్ చేసి ఆర్కైవ్ నొక్కితే తర్వాతి బ్యాకప్ దాన్ని చెరిపేయదు. యాపిల్ వాచ్ సంగతి వేరు: అందులో బీటా వేస్తే మనంతట మనం పాత వెర్షన్‌కి దింపలేం. వాచ్‌లో బీటా వేయొద్దనే నా సలహా.

ఆండ్రాయిడ్ బీటాలో ఉన్న గూగుల్ పిక్సెల్ ఫోన్‌ని స్టేబుల్ (అందరికీ ఇచ్చే తుది) వెర్షన్ రాకముందే బయటికి తెస్తే ఫోన్‌లోని డేటా మొత్తం పోతుంది. స్టేబుల్ వచ్చేదాకా ఆగి, అది ఎక్కించుకున్నాక, తర్వాతి బీటా వేయకముందే తప్పుకుంటే ఏమీ పోదు. విండోస్ బీటా ప్రోగ్రామ్ ‘ఇన్‌సైడర్‌’లో, అన్నిటికన్నా ముందు దశ బిల్డ్‌లు వచ్చే కెనరీ ఛానెల్ నుంచి దిగాలంటే విండోస్‌ని మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాల్సిందే. కొత్తవాళ్ళకి విడుదలకి దగ్గరగా ఉండే రిలీజ్ ప్రివ్యూ ఛానెల్ చాలు.

ఇక అసలు పని, బగ్ రిపోర్ట్. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ 1809 కొందరి ఫైళ్ళు తుడిచేసి, విడుదల ఆగిపోయింది. ఆ బగ్ గురించి ఇన్‌సైడర్లు ముందే మైక్రోసాఫ్ట్‌కి ఫిర్యాదులు పంపే ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో రాశారు, కానీ మిగతా వాడేవాళ్ళ ఓట్లు తక్కువ పడడంతో ఎవరి కంటా పడలేదు. ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ అందులో తీవ్రత తెలిపే ఆప్షన్ చేర్చింది. దాన్ని ఖాళీగా వదలకండి. ‘వైఫై పనిచేయట్లేదు’ అని రాస్తే ఇంజినీర్‌కి ఏమీ అందదు. బిల్డ్ నంబర్ (మీ ఫోన్‌లో లేదా పీసీలో ఉన్న కచ్చితమైన వెర్షన్ సంఖ్య), వరుసగా ఏమేం నొక్కారు, ఏం జరగాలి, ఏం జరిగింది, ప్రతిసారీ వస్తోందా అప్పుడప్పుడా అన్నది రాయండి. ఐఫోన్‌లో అయితే బగ్ కనబడగానే రెండు వాల్యూమ్ బటన్లూ సైడ్ బటన్ కలిపి సెకను పైచిలుకు నొక్కి వదలండి, సిస్‌డయాగ్నోస్ లాగ్ (ఫోన్‌లో ఏం జరిగిందో చెప్పే రికార్డు) తయారవడం మొదలవుతుంది. ఆలస్యమైతే లాగ్‌లో ఆ క్షణం తాలూకు వివరాలు చెరిగిపోతాయి.