ఒకే ఇంజినీరు, రెండు టవర్లు: షికాగోలో మా తిరుగుడు

షికాగో వెళ్లిన మనవాళ్లు చాలామంది విల్లిస్ టవర్ ఎక్కి, గాజుపెట్టెలో నిలబడి ఫొటో దిగి వచ్చేస్తారు. అక్కడికి రెండు మైళ్ల లోపే ఉన్న జాన్ హాన్‌కాక్ సెంటర్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. మా ఆవిడ కూడా "రెండూ ఎత్తు మేడలే కదండీ, ఒకటి చూస్తే చాలదా?" అంది. నేను ఆర్ అండ్ బీలో పనిచేసి రిటైరైన సివిల్ ఇంజినీర్ని. ఈ రెండింటికీ స్ట్రక్చరల్ ఇంజినీరు ఒక్కరే, 1929లో ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. ఆర్కిటెక్టూ ఒక్కరే, బ్రూస్ గ్రాహమ్. ఇక ఒకటి చూసి ఊరుకోవడం ఎలా?

నేపర్‌విల్‌లో మా అబ్బాయి ఇంటి దగ్గర మెట్రా రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాం. నది దాటితే విల్లిస్. 1973లో దీని నిర్మాణం పై దాకా చేరినప్పుడు పేరు సియర్స్ టవర్. 1,451 అడుగుల ఎత్తు, పాతికేళ్ల పాటు ప్రపంచంలో దీన్ని మించిన బిల్డింగ్ లేదు. జాక్సన్, ఫ్రాంక్లిన్ వీధులు కలిసే మూల 'ఫజ్లుర్ ఆర్. ఖాన్ వే' అని బోర్డు ఉంటుంది. అందరూ తలలెత్తి టవర్‌కేసి చూస్తుంటే నేను ఆ బోర్డు కింద ఫొటో దిగాను. మా అబ్బాయి నవ్వాడు.

ఇంత ఎత్తు కట్టడానికి బరువు కంటే గాలితోనే పెద్ద పేచీ. పాత పద్ధతిలో గాలికి తట్టుకోవాలంటే లోపల స్తంభాలూ దూలాలూ పెంచుకుంటూ పోవాలి, ఎత్తు పెరిగేకొద్దీ స్టీలు ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఖాన్ ఆ పనిని బయటి గోడకు అప్పగించాడు. బిల్డింగ్ మొత్తాన్ని ఒక గొట్టంలా చేసి, గాలిని ఆ గొట్టమే కాచుకునేలా చేశాడు. విల్లిస్‌లో ఒక గొట్టం కాదు, 75 అడుగుల చదరపు గొట్టాలు తొమ్మిది, పక్కపక్కన చేర్చి కట్టేసినట్టు ఉంటాయి. 50వ అంతస్తు దగ్గర రెండు ఆగిపోతాయి, 66 దగ్గర ఇంకో రెండు, 90 దగ్గర మూడు. చివరిదాకా పోయేవి రెండే. కానీ కింద వీధిలో నిలబడితే ఇదేమీ తెలియదు. నల్లటి గోడ, అంతే.

103వ అంతస్తులో స్కైడెక్, అంటే ఊరంతా చూసే చోటు. గోడలోంచి నాలుగు అడుగులు బయటికి పొడుచుకొచ్చిన గాజుపెట్టెలు 2009లో పెట్టారు. మా ఆవిడ గబగబా వెళ్లి నిలబడింది. నాకు లోడు లెక్కలు తెలుసు, అయినా కాళ్లకు తెలియదుగా! సరిగ్గా అప్పుడే మా అబ్బాయి "నాన్నా, 2014లో ఈ గాజు పగుళ్లిచ్చింది తెలుసా?" అన్నాడు. పగిలింది గీతలు పడకుండా పైన వేసిన పూత మాత్రమేనని, అసలు గాజుకు ఏమీ కాలేదని నేను దిగాక చెప్పాడు. వెనక క్యూ ఉంటుంది కాబట్టి మన వంతు నిమిషంలో అయిపోతుంది. ఆ నిమిషం కోసం నిలబడింది మాత్రం చాలాసేపు.

బస్సులో మిషిగన్ ఎవెన్యూ మీదుగా హాన్‌కాక్‌కు చేరాం. 2018 నుంచి దీని అధికారిక పేరు 875 నార్త్ మిషిగన్ ఎవెన్యూ. ఊళ్లో వాళ్ల నోట మాత్రం హాన్‌కాకే. ఇది 1969 నాటిది, 100 అంతస్తులు, 1,128 అడుగులు. విల్లిస్ కంటే పొట్టే కానీ నా ఓటు దీనికే.

ఎందుకంటే ఇది తన లెక్కను దాచుకోదు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. నాలుగు వైపులా ఒకదాని మీద ఒకటి పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు. అవి అలంకారం కాదు, గాలి తోపుని మూలల్లోకి, అక్కణ్ణుంచి పునాదిలోకి దింపే అడ్డకమ్మీలు. వాటి పుణ్యాన ఎంత స్టీలు మిగిలిందో చూడండి: న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌కు చదరపు అడుగుకు 42 పౌన్లు పట్టింది, దీనికి 30 లోపే. మన దగ్గర ఎస్టిమేట్‌లో ఇంత తగ్గిస్తే ఆడిట్‌వాళ్లు ముందు అనుమానపడతారు!

ఇంకో తేడా. విల్లిస్ ఆఫీసుల కోసం కట్టింది. హాన్‌కాక్‌లో కింద షాపులు, కార్ పార్కింగ్, తర్వాత ఆఫీసులు, 44వ అంతస్తు నుంచి ఇళ్లు. ఆ 44లోనే వాళ్లకు ఈతకొలను కూడా. కొన్ని ఇళ్లలో కిటికీకి అడ్డంగా ఆ స్టీలు కమ్మీ ఏటవాలుగా పోతుంది. మా ఆవిడకు అది నచ్చలేదు, "కర్టెన్ ఎలా వేస్తారు?" అని అడిగింది. నిజమే, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

94వ అంతస్తులోని డెక్ మీంచి మిషిగన్ సరస్సు కాళ్ల దగ్గరే ఉన్నట్టుంటుంది. మనల్ని కిటికీతో సహా బయటికి వంచే 'టిల్ట్' అని ఒకటి ఉంది, దానికి విడిగా డబ్బు కట్టాలి. మేం కట్టలేదు. దక్షిణం వైపు కిటికీ దగ్గరికెళ్తే విల్లిస్ కనబడుతుంది. 66 దగ్గరా, 90 దగ్గరా గొట్టాలు తెగి మెట్లు మెట్లుగా ఎలా నిలిచాయో అప్పుడు అర్థమైంది. విల్లిస్ లోపల ఎంతసేపు తిరిగినా ఈ దృశ్యం దొరకదు. అందుకే, ఒక్క టికెట్‌కే డబ్బు పెట్టాలనుకుంటే హాన్‌కాక్‌కు పెట్టండి, పొద్దు వాలకముందే ఎక్కండి. విల్లిస్ దగ్గర ఆ వీధి బోర్డు చూడ్డానికి డబ్బు కట్టనక్కర్లేదు.