కోళ్ళతో మాత్రం తెలుగు

పోయిన ఆదివారం పొద్దున్నే గూట్లో చెయ్యి పెట్టి గుడ్ల కోసం తడుముతూ, "ఏమ్మా, ఇంకా పెట్టలేదా? తొందరేం లేదులే, నిదానంగా పెట్టు తల్లీ" అంటున్నాను. వెనక మా తొమ్మిదేళ్ళ అమ్మాయి నిలబడి వింటోందని చూసుకోలేదు. అది ఇంగ్లీషులోనే అడిగింది. "నాన్నా, కోళ్ళతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడతావు. నాతో మాత్రం తిట్టేటప్పుడే తెలుగు. ఎందుకు?"

"వాటికి ఇంగ్లీషు రాదమ్మా" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

ఆ రోజంతా నా మాటల్ని నేనే లెక్క కట్టుకున్నాను. "లేటవుతోంది, కదులు." "ఎన్నిసార్లు చెప్పాలి?" "ఆ ఫోను పక్కన పెట్టు." ఇవన్నీ తెలుగే. స్కూల్లో ఏం జరిగింది, ఎవరితో గొడవ పడింది, రాత్రి ఎందుకు భయమేసింది, ఇవన్నీ ఇంగ్లీషు. దానికి తేలిగ్గా ఉంటుందని అలా మాట్లాడుతున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నిజానికి నాకే తేలిక. దానికి అర్థం కాని మాట వస్తే ఆగి, విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు. కోడికి విడమరిచి చెప్పాల్సిన అవసరం లేదు కదా.

అసలు ఈ కోళ్ళు తెచ్చిందే పిల్ల కోసమని అందరికీ చెప్పాను. "నేను కోళ్ళ మధ్య పెరిగాను, ఇది కూడా పెరగాలి" అని పెద్ద ఉపన్యాసం. ఆ ముక్క ఫోన్లో మా అమ్మ చెవిన పడింది. "నువ్వెప్పుడు పెరిగావురా కోళ్ళ మధ్య? పెట్ట ఎదురొస్తే గడపెక్కి అరిచేవాడివి. గూడు కడిగింది నేను, రెట్ట ఎత్తింది నేను" అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది. మా ఆవిడ ఆ రోజు చాలా సంతోషంగా వంట చేసింది.

కాబట్టి ఇది అనుభవజ్ఞుడి సలహా అనుకోకండి. తప్పులు వరసగా చేసినవాడి మాట అనుకోండి.

అన్నిటికన్నా ముందు మీ ఊరి నిబంధనలు కనుక్కోండి. కోళ్ళు పెంచనిస్తారా, ఎన్ని, పుంజు ఉండొచ్చా, పక్కింటి కంచెకి గూడు ఎంత దూరంలో ఉండాలి. నేను కోడిపిల్లలు అట్టపెట్టెలో కిచకిచలాడుతుండగా కూర్చుని ఇవన్నీ చదివాను. గూడు కూడా అంతే. ముందు గూడు, తర్వాత పిల్లలు. నేను తిరగేసి చేశాను. ఒంటి నిండా ఈకలొచ్చేదాకా సుమారు ఆరు వారాలు పిల్లలు ఎలాగూ వెచ్చని పెట్టెలోనే ఉండాలి కాబట్టి బతికిపోయాను.

ఆ ఆరు వారాలూ మా అమ్మాయివే. మొదటి వారం పెట్టెలో వేడి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. నేను థర్మామీటరు కొని గంటకోసారి చూసేవాణ్ణి. అది థర్మామీటరు వైపు చూడనే లేదు. "అన్నీ దీపం కిందకి ముద్దగా చేరాయి, చలేస్తోంది" అనేది. "గోడలకి అంటుకుని నోళ్ళు తెరిచాయి, దీపం పైకి జరుపు" అనేది. దాని మాటే ఎప్పుడూ సరిపోయేది. ముద్దొచ్చి పిల్లల్ని మూతికి ఆనించుకునేది కూడా. పైకి ఎంత ఆరోగ్యంగా కనబడ్డా కోళ్ళ దగ్గర సాల్మొనెల్లా అనే, కడుపులో జబ్బు చేసే సూక్ష్మజీవి ఉండొచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టకూడదు, ఐదేళ్ళలోపు పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు. ఇదంతా నేను అరిచి చెప్పాను. ఏ భాషలో అరిచానో వేరే చెప్పక్కర్లేదు.

కోళ్ళు మంద జీవులు, ఒక్కదాన్ని పెంచకండి. మూడైనా ఉండాలి. మేం నాలుగు తెచ్చాం. గూట్లో ఒక్కో కోడికి మూడు నాలుగు చదరపు అడుగులు, బయట తిరగడానికి పది చదరపు అడుగుల దాకా ఉంటే పొడుచుకోవడాలు తగ్గుతాయి. గుడ్లు పెట్టే పెట్టె నాలుగైదు కోళ్ళకి ఒకటి చాలు. ఎన్ని పెట్టినా అన్నీ ఒకదాని ముందే క్యూ కడతాయి. రాత్రి కూర్చునే కర్ర మాత్రం ఆ పెట్టెకన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే పెట్టెలోనే పడుకుని గుడ్లన్నీ రెట్ట చేస్తాయి. ఇది నేను మూడు వారాలు రోజూ పొద్దున్నే కడుగుతూ నేర్చుకున్న విషయం. చలికి భయపడి గాలి సందులన్నీ మూసేశాను, అది ఇంకో తప్పు. కోళ్ళు చలికి తట్టుకుంటాయి. చెమ్మకీ రెట్టలోంచి లేచే అమోనియాకీ తట్టుకోలేవు.

చుట్టూ కట్టడానికి సన్నటి కోళ్ళ వల చాలనుకున్నాను. పక్కింటి పెద్దాయన చూసి, "ఆ వల కోడిని లోపల ఉంచుతుంది, బయటిదాన్ని ఆపదు" అన్నాడు. వినలేదు. ఒక రాత్రి ఏదో వచ్చి చీల్చిపోయింది. కోళ్ళు లోపల గడియ వేసి ఉన్నాయి కాబట్టి దక్కాయి. మర్నాడు వెళ్ళి అరంగుళం కళ్ళున్న గట్టి ఇనప జాలీ తెచ్చి, అడుగు లోతున నేలలోకి పాతాను. పెద్దాయన ఏమీ అనలేదు, చెయ్యి ఊపాడంతే.

మూడు నెలలు దాటాక నాలుగింటిలో ఒకదాని తురాయి మిగతావాటికన్నా ఎర్రగా, పెద్దగా తేలింది. పెట్టలే అని చెప్పి ఇచ్చినా పిల్లప్పుడు పోల్చడంలో ఎవరైనా పొరపాటు పడతారు. ఒక తెల్లవారుజామున అది గొంతు సవరించుకుని కూసింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. మా దగ్గర పుంజుకి అనుమతి లేదు.

ఊరి బయట ఒక రైతుకి ఇచ్చేశాను. "అక్కడ ఏం చేస్తారు?" అని అడిగింది పిల్ల. "పెద్ద తోట ఉంది, హాయిగా తిరుగుతుంది" అన్నాను. ఆయన్ని నేను ఆ ప్రశ్న అడగలేదు. ఆయన చెప్పే జవాబు వినడం ఇష్టంలేకే అడగలేదు. ఆ అబద్ధం మాత్రం ఇంగ్లీషులోనే చెప్పాను.

ఇరవయ్యో వారం దాటాక మొదటి గుడ్డు వచ్చింది, గోలీ కన్నా కాస్త పెద్దది. పుంజు లేకుండా ఎలా పెట్టిందని ఇంటికొచ్చినవాళ్ళందరూ అడిగారు. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదు, ఆ గుడ్డు పిల్ల కావడానికే కావాలి. మా అమ్మాయి గోడమీద పట్టిక అంటించింది. ఒక్కో గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది కాబట్టి రోజురోజుకీ కాస్త ఆలస్యమవుతూ, మధ్యాహ్నం దాటేసరికి ఒక రోజు మానేస్తుంది. ఇది నేను చెప్పలేదు, అమ్మాయే పట్టిక చూసి పట్టుకుంది. గుడ్లు మొదలయ్యే ముందు లేయర్ దాణాకి, అంటే గుడ్లు పెట్టే కోళ్ళ దాణాకి మార్చాలనీ, పెంకు గట్టిగా రావడానికి గుల్లల పొడి వేరే గిన్నెలో పెడితే ఎంత కావాలో అవే తింటాయనీ నేను చెప్పాను. నా వంతు అంతే.

పగలు తగ్గగానే గుడ్లు ఆగాయి. కోళ్ళకి రోజుకి 14 నుంచి 16 గంటల వెలుగు ఉంటేనే సరిగ్గా పెడతాయి. గూట్లో బల్బు పెట్టి ఆ లోటు తీర్చొచ్చు. బల్బు కొన్నాను కూడా. "వాటికి సెలవులు ఉండవా?" అంది మా అమ్మాయి. ఆదివారం తెలుగు క్లాసుకి సెలవు కావాలని అంతకు ముందు వారమే ఏడ్చింది, నేను ఇవ్వలేదు. బల్బు ఇంకా పెట్టెలోనే ఉంది. తెలుగు క్లాసు నడుస్తోంది. రెంటికీ పొంతన ఏమిటని అడగకండి.

మొన్న అమ్మ ఫోన్లో, "రెండేళ్ళ తర్వాత గుడ్లు తగ్గుతాయిరా, అప్పుడేం చేస్తావు?" అంది. కోడి ఏడెనిమిదేళ్ళు కూడా బతుకుతుంది, బాగా పెట్టేది మొదటి రెండేళ్ళే. నేను నసుగుతుంటే తనే చెప్పింది, "ఏముంది, కోసుకోవడమే."

పక్కన పిల్ల. "నాయనమ్మ ఏమంది?" అంది ఇంగ్లీషులో.

"ముసలివైతే విశ్రాంతి ఇవ్వమంటోంది" అన్నాను.

"నాన్నా, నాకర్థమైంది" అంది, అదీ ఇంగ్లీషులోనే. తర్వాత ఫోన్నీ నన్నూ మార్చి మార్చి చూసి బయటికి, కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. దానికి తెలుగు రాదని ఇన్నాళ్ళూ నేనెందుకు అనుకున్నానో తెలియదు. రెండేళ్ళ తర్వాత ఆ కోళ్ళని ఏం చేస్తానో అంతకన్నా తెలియదు. అమ్మ మాటలో తప్పేమీ లేదు. పిల్ల ముఖంలోనూ లేదు.

ఈ వారం ఒట్టు పెట్టుకున్నాను. కోళ్ళతో మాట్లాడినట్టే దీంతోనూ మాట్లాడాలని. సోమవారం, "ఏమ్మా, నిద్ర పట్టిందా? నిదానంగా తిను తల్లీ" అన్నాను. "నాతో కోడి గొంతుతో మాట్లాడకు" అంది. మంగళవారం కాస్త గొంతు మార్చాను. బుధవారం బస్సు తప్పిపోయేలా ఉంది, పాత తెలుగే బయటికొచ్చింది.

నిన్న సాయంత్రం గూడు మూయడానికి వెళ్ళాను. చీకటి పడితే కోళ్ళు వాటంతట అవే లోపలికి వెళ్ళి కర్ర ఎక్కుతాయి, మనం లెక్కపెట్టి గడియ వేయడమే. కిటికీలోంచి అమ్మాయి కేకేసింది, "నాన్నా, అన్నీ వచ్చాయా?"

లెక్కలో ఉన్నాను. "యెస్, ఆల్ త్రీ" అన్నాను.