టెంట్ లోపల వాన: చింతపల్లి పైన్ తోటలో మూడో ప్రయత్నం

"నాన్నా, లోపల వాన పడుతోంది" అని పాప తట్టి లేపింది. టైము 4:10. బయట వాన లేదు. టార్చి వేసి చూస్తే ఫ్లై (టెంట్ మీద కప్పే పైగుడ్డ) లోపలివైపు నిండా చుక్కలు. పాప కాళ్ల దగ్గర స్లీపింగ్ బ్యాగ్ జానెడు మేర తడిసిపోయింది. ఈ చెమ్మతో ఇది మూడో ఓటమి, ఇదే అన్నిటికన్నా బాధపెట్టింది.

శుక్రవారం రాత్రి అన్నాలు తింటూ అనుకున్నాం. శనివారం మధ్యాహ్నానికల్లా నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కేశాం. కారులో మేం నలుగురం, వెనక బండి మీద బావమరిదీ అతని స్నేహితుడూ. అడవి లోపల టెంట్ వేయకూడదు కాబట్టి, చింతపల్లి వైపు పైన్ తోటను ఆనుకున్న పొలం రైతును అడిగాం. "వేసుకోండి బాబూ, నిప్పు మాత్రం చెట్ల కిందకి తేకండి" అన్నాడు. నిజమే, ఎండిన పైన్ ఆకులో జిగురుంటుంది, గుప్పున అంటుకుంటుంది. స్టవ్ పొలం గట్టు మీదే పెట్టాం. బొంగులో చికెన్ అద్భుతం. డెకాథ్లాన్ వాళ్ల ఫోర్‌క్లాజ్ నురగ పరుపులు వెచ్చగా ఉన్నాయి. గాలి పరుపుల జోలికి నేనిక వెళ్లను.

ఇక చెమ్మ సంగతి. మా టెంట్ నలుగురిది, నేల 240×210 సెంటీమీటర్లు. పొద్దున సూర్యోదయం కనబడాలని చెట్లకు దూరంగా, ఖాళీ జాగాలో వేశాను. రాత్రి 10 గంటలకు బయట 11 డిగ్రీలు, లోపల 15, తేమ 88 శాతం. రెండింటికి బయట 8, లోపల 13, తేమ 97. తెల్లారాక స్పాంజితో ఒత్తి సీసాలోకి పిండితే 430 మిల్లీలీటర్లు! తలుపు పైజిప్పు నాలుగు వేళ్లు తెరిచే ఉంచాను, రెండు కిటికీలూ తీసే ఉన్నాయి. పోయినసారి అన్నీ మూసినప్పుడు కూడా ఇంత రాలేదు.

నలుగురి ఊపిరి ఒక్కటే కారణమనుకుంటే లెక్క కుదరదు. బావమరిది చిన్న టెంట్ పదిహేను అడుగుల దూరంలో, పైన్ కొమ్మల కింద ఉంది. అందులో ఇద్దరు పడుకున్నారు. సగమైనా రావాలి కదా, పిండితే 60 మిల్లీలీటర్లే. వాళ్ల ఫ్లై పైభాగం మాత్రం మాకన్నా ఎక్కువ తడిసింది. మూడు దాటాక మంచు దిగింది, పైన్ ఆకులు ఆ మంచును పట్టి చుక్కలుగా రాల్చాయి. తెల్లారేదాకా టపటపా వినబడింది అదే.

నా ఊహ ఇది. మూడింటి దాకా ఆకాశం తేటగా ఉంది, నక్షత్రాలు లెక్కపెట్టుకోవచ్చు. అలాంటి ఆకాశం కింద ఫ్లై గుడ్డ తన వేడిని పైకి పోగొట్టుకుని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. లోపలి తేమగాలి దానికి తగలగానే నీరవుతుంది. చెట్టు కింద కొమ్మలు అడ్డుంటాయి, గుడ్డ అంతగా చల్లబడదు. కిటికీలు ఎన్ని తెరిస్తే ఏం లాభం, బయటి గాలి కూడా తడిదే అయినప్పుడు?

పాప తడవడానికి కారణం వేరే. తోట నుంచి కొట్టుకొచ్చిన పైన్ ఆకు అక్కడ 9 సెంటీమీటర్ల మందాన పరుచుకుని ఉంది. నా మేకులు 18 సెంటీమీటర్లు, అంటే సగమే మట్టిలో దిగాయి. ఆకు స్ప్రింగులా ఊగుతుంటే మేకులు వదులయ్యాయి, కాళ్లవైపు ఫ్లై జారి లోపలి గుడ్డకు ఆనుకుంది. సాయంత్రం రెంటి మధ్య 6 సెంటీమీటర్ల ఎడం కొలిచాను, పొద్దున సున్నా. టెంట్‌తో పాటు వచ్చే సన్న ఇనప మేకులు ఏ కంపెనీవైనా నాకు నచ్చవు. పొద్దున ఆ రైతే వెదురు చీల్చి మూరెడు మేకులు నాలుగు చెక్కిచ్చాడు. ఆకు పక్కకు తోసి దిగగొడితే చెయ్యి పెట్టి లాగినా కదల్లేదు.

సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాం. ఈసారి పెద్ద టెంట్ చెట్ల కింద, చిన్నది ఖాళీలో. మనుషులు అంతే, కిటికీలు అంతే, మేకులు వెదురువి. అప్పుడు 430 ఎటు పోతుందో చూడాలి. రెండో థర్మామీటరు కొన్నాను, దాన్ని ఫ్లై గుడ్డకే అంటిస్తాను. మా ఆవిడ తడి తువ్వాళ్లు లోపల ఆరేయనని మాటిచ్చింది. పాపకు సూర్యోదయం చూపించడానికి మాత్రం అయిదున్నరకే లేపి గట్టు దాకా నడిపించాలి.