పిన్ని కుట్టిన మూట

మొన్న సెలవుకి కవిటి దగ్గర మా ఊరు వెళ్లి తిరిగి బయలుదేరే రోజు, పక్కింటి పిన్ని సింగపూర్‌లో ఉన్న వాళ్లబ్బాయికి ఇవ్వమని గుడ్డతో కుట్టేసిన మూట తెచ్చింది. కుట్లు విప్పి చూస్తానన్నాను. "ఏట్రా, నా మీద నమ్మకం లేదా నీకు?" అంది, మొహం చిన్నబోయింది. విప్పితే జీడిపప్పు, ఎండు నెత్తళ్లు, ఓ సీసా ఆవకాయ. అమ్మ మళ్లీ కుట్టిచ్చింది గానీ పిన్ని నన్ను సాగనంపడానికి రాలేదు.

ఆవిడకి ఎలా చెప్పను? 2011లో వెల్డర్‌గా ఇక్కడికి, సింగపూర్‌కి, వచ్చినప్పుడు విమానంలో నింపమన్న కార్డు మీదే ఎర్ర అక్షరాల్లో ఉంది, డ్రగ్స్ రవాణాకి మరణశిక్ష అని. శుద్ధ హెరాయిన్ 15 గ్రాములు దాటినా, గంజాయి 500 గ్రాములు దాటినా ఉరే. మూట మన చేతిలో దొరికితే లోపలేముందో మనకి తెలుసనే లెక్క, తెలీదని రుజువు చేసుకోవాల్సింది మనమే.

చట్టప్రకారం తప్ప ఎవరి ప్రాణమూ తీయకూడదని మన రాజ్యాంగం 21వ అధికరణంలో ఉంది, సింగపూర్ రాజ్యాంగం 9వ అధికరణంలోనూ దాదాపు అదే మాట. మన సుప్రీంకోర్టు 1980లో బచ్చన్ సింగ్ కేసులో ఉరిని ఉంచింది గానీ అత్యంత అరుదైన కేసుల్లోనే అంది. 1983లో మిఠూ కేసులో, యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష వేయనివ్వని ఐపీసీ 303 సెక్షన్‌ని కొట్టేసింది. ఇక్కడేమో 19 ఏళ్లకే 47 గ్రాముల హెరాయిన్‌తో దొరికిన మలేషియా కుర్రాడు, యోంగ్ వుయ్ కోంగ్, తప్పనిసరి ఉరి రాజ్యాంగానికి విరుద్ధమని వాదిస్తే 2010లో కోర్టు ఒప్పుకోలేదు, మన తీర్పుల బాట తనకి అక్కర్లేదంది. ఒకే మాట, రెండు అర్థాలు!

తర్వాత పార్లమెంటే కొంచెం సడలించింది. కేవలం మోసుకొచ్చినవాడై ఉండి, దర్యాప్తుకి గట్టిగా సాయపడ్డాడని ప్రాసిక్యూటర్ సర్టిఫికెట్ ఇస్తే, ఉరికి బదులు జీవితఖైదు, బెత్తం దెబ్బలు వేసే వీలు జడ్జికి ఉంటుంది. ఆ కుర్రాడు అలాగే 2013లో ఉరి తప్పించుకున్నాడు, జీవితఖైదు, 15 దెబ్బలతో. నాకు మింగుడుపడనిది ఆ సర్టిఫికెట్టే. పెద్దవాళ్ల గుట్టు తెలిసినవాడు ఏదో ఒకటి చెప్పి గట్టెక్కుతాడు, ఏమీ తెలియని కూలోడి దగ్గర చెప్పడానికేముంటుంది?

ఆదివారం పిన్ని కొడుక్కి మూట ఇచ్చి జరిగింది చెప్పాను. మా అమ్మకి కోపమొచ్చుంటాది అంటూ కుట్లు తెంపుతూనే, "నేనైతే ఆవకాయ సీసా మూత కూడా తీసి గరిటెతో కెలికి చూసేవాణ్ణి అన్నా" అన్నాడు.