మొదటి ఎకో రిపోర్టు

ఆ రోజు నా గుండెకి ఎకో, అంటే అల్ట్రాసౌండ్ స్కాన్, తీస్తున్న టెక్నీషియన్ మాటలు ఆపేసింది. చల్లటి జెల్ రాసిన ప్రోబ్‌ని ఎడమ పక్కటెముకల మధ్య ఒకేచోట నొక్కిపట్టి, అదే కొలత మూడుసార్లు తీసింది. నాకు గుండె దడ మొదలైంది.

గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉండే బృహద్ధమని కవాటానికి (వాల్వ్‌కి) మూడు రేకులుండాలి. నాకు పుట్టుకతోనే రెండు. యాభై ఏడో ఏట అది బాగా గట్టిపడిపోవడంతో సర్జరీ చేసి, ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో తయారైన టిష్యూ వాల్వ్ పెట్టారు. మెకానికల్ వాల్వ్ అంత తేలిగ్గా అరగదు, కానీ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు జీవితాంతం వాడాలి. టిష్యూ వాల్వ్ అయితే చాలామందికి పది పదిహేనేళ్లు వస్తుంది. నేను దీన్నే ఎంచుకున్నాను.

సర్జరీ అయిన రెండు నెలలకి తీసిన ఎకోలో మీన్ గ్రేడియంట్ 11. రక్తం వాల్వ్ దాటడానికి ఎంత ఒత్తిడి పడుతోందో చెప్పే అంకె అది. "ఈ రిపోర్టు మాత్రం పారేయకండి, ముందుముందు ఏం మారినా దీంతోనే పోల్చి చూస్తాం" అన్నారు డాక్టరుగారు. తర్వాతి ఏళ్లలో 12, మళ్లీ 11. నాలుగో ఏట బాగానే ఉన్నాను కదా, ఎకో ఎందుకులే అనుకున్నాను. మెట్లెక్కితే కాస్త ఆయాసం వస్తోంది, వయసు అనుకున్నాను. మా ఆవిడ పట్టుబట్టి తీసుకెళ్లింది. ఆ రోజు వచ్చిన అంకె 27.

వాల్వ్ అప్పుడే పోయిందా, మళ్లీ ఛాతీ కోయాలా అని రెండు రాత్రులు నిద్ర లేదు. డాక్టరుగారు పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూసి, ఇంత తొందరగా పెరిగిందంటే అరుగుదల కాకపోవచ్చు, సీటీ స్కాన్ తీద్దాం అన్నారు. నిజంగానే, అరిగితే పేరుకునే కాల్షియం రేకుల్లో లేదు. వాటి మీద రక్తం గడ్డకట్టి, పూర్తిగా తెరుచుకోనివ్వడం లేదు. తప్పించుకున్నాననుకున్న వార్ఫరిన్ మొదలైంది. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే అంకె 2కీ 3కీ మధ్య ఉండాలని మాటిమాటికీ రక్తపరీక్షలు. నాలుగు నెలలకి గ్రేడియంట్ 13కి దిగింది. ఆ కాగితం పట్టుకుని కారిడార్‌లోనే ఏడ్చేశాను.

ఇప్పుడు వాల్వ్‌కి తొమ్మిదేళ్లు. ఏటా ఎకో తప్పడం లేదు, వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ రాకుండా పళ్లు క్లీన్ చేయించుకునే ముందు యాంటీబయాటిక్ కూడా. ఇది అరిగిపోయాక తొడ రక్తనాళం గుండా లోపలే ఇంకో వాల్వ్ పెట్టే వీలుందట, పాతదాని సైజు సరిపోతే. నాది 23 మిల్లీమీటర్లు. ఆ సైజు రాసి ఉన్న వాల్వ్ కార్డు ఎప్పుడూ పర్సులోనే ఉంటుంది.